చిన్న వ్యాపారుల సర్కిల్‌లో 14 నెలలు: చేరాలా వద్దా అని అడుగుతున్నవాళ్ల కోసం

నాది అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. నాతో కలిపి తొమ్మిది మందిమి. ఆర్డర్లు తెచ్చేది నేనే, కొటేషన్లు వేసేది నేనే, సాయంత్రం కూర్చుని బాకీల కోసం ఫోన్లు చేసేదీ నేనే. పదకొండేళ్లు ఇలాగే గడిచిపోయాయి. రోజూ పని ఉండేది, నెలాఖరుకు చేతిలో డబ్బు మాత్రం ఉండేది కాదు. ఎందుకు ఉండట్లేదో కూర్చుని ఆలోచించే తీరిక కూడా ఉండేది కాదు. అలాంటి సమయంలో నెలవారీ సభ్యత్వం ఉన్న ఒక చిన్న వ్యాపారుల సర్కిల్‌లో చేరాను. పోయిన నెల రెన్యువల్ చేయాల్సి వచ్చినప్పుడు నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి తిరగేశాను. అందులో ఉన్నదే ఇక్కడ రాస్తున్నాను. సర్కిల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే నాకు నచ్చనివి కూడా చెప్పబోతున్నాను. ఇదే పద్ధతిలో నడిచేవి చాలా ఉన్నాయి కాబట్టి మీరు ఏది చూస్తున్నా ఈ మాటలు పనికొస్తాయి.

వాళ్లు ఇచ్చేవి ఇవీ. నెల మొదటి వారంలో రెండు గంటల క్లాసు. మూడో వారంలో ఎనిమిది మంది కూర్చునే రౌండ్ టేబుల్, ఏడాదంతా అదే ఎనిమిది మంది, ఏ ఇద్దరిదీ ఒకే లైను కాకూడదు. నెలకో అంశం మీద నలభై పేజీల దాకా చదవడానికి ఇస్తారు. మూడు నెలలకోసారి అన్ని బ్యాచ్‌లూ కలిసే పెద్ద మీటింగ్. నా తీర్పు ముందే చెప్పేస్తాను: నాకు డబ్బు నిలబెట్టింది రౌండ్ టేబుల్. చదువు వల్ల నా పనిని నేను చూసే చూపు మారింది. క్లాసుల్లో కొన్ని బంగారం, కొన్ని వృథా. పెద్ద మీటింగ్ ఎత్తేసినా నేను అడగను.

క్లాసుల్లో నన్ను కుదిపేసింది రెండోది. చెప్పినాయన చాలా ఏళ్లు అకౌంట్లు చూసి రిటైరైన మనిషి. ఒక బోర్డు, ఒక మార్కర్, అంతే. రాగానే అడిగారు: "వంద ఖర్చయిన సరుకును నూట పాతికకి అమ్మారు. అమ్మకంలో మీ లాభం ఎంత శాతం?" గదిలో ఉన్న ముప్పై మందిలో ఎక్కువ మందిమి ఇరవై అయిదు అన్నాం. ఆయన ఏమీ అనకుండా 25 రాసి, గీత గీసి, దాని కింద 125 రాశారు. ఇరవై శాతం. ఖర్చు మీద వేసుకున్న ఇరవై అయిదూ, అమ్మకంలో మిగిలే ఇరవయ్యీ వేరువేరు లెక్కలు. నేను పదకొండేళ్లుగా ఆ రెండూ ఒకటే అనుకుని కొటేషన్లు వేస్తున్నాను.

తర్వాత ఆయన అదే 125 మీద పది శాతం డిస్కౌంట్ ఇచ్చారు. 112.50 అయింది. మిగిలింది 12.50. "తగ్గించింది పది శాతమే. లాభంలో ఎంత పోయింది?" సగం. ఇంతకుముందు వచ్చినంత లాభమే మళ్లీ రావాలంటే రెట్టింపు సరుకు అమ్మాలి. ఆ రాత్రి యూనిట్‌కి తిరిగొచ్చి నా అన్నిటికన్నా పెద్ద పార్టీ ఫైలు తీశాను. మూడేళ్ల నుంచి ఆయనకు పది శాతం తగ్గించే ఇస్తున్నాను, పెద్ద పార్టీ కదా అని.

ఇంకో సంగతి కూడా ఆ రాత్రే బయటపడింది. అట్టపెట్టెలో మధ్య పొర అలలు అలలుగా ఉంటుంది కాబట్టి పై పొరకన్నా దానికి కాగితం ఎక్కువ పడుతుంది. సీ ఫ్లూట్ అనే అలల సైజు అయితే మీటరు షీటుకి సుమారు 1.4 మీటర్ల కాగితం లోపలికి పోతుంది. ఇది నాకు తెలియని విషయమేం కాదు, కొటేషన్‌లో వేస్తూనే ఉన్నాను. వేయనిది వేరే ఉంది. డై (షీటును పెట్టె ఆకారంలో కోసి, మడత గీతలు వేసే అచ్చు) కట్టాక సెట్టింగ్‌లో పాడయ్యే షీట్లు, అంచుల్లో కోసి పారేసే ముక్కలు. పెద్ద ఆర్డర్‌లో అవి కనపడవు, రెండొందల పెట్టెల ఆర్డర్‌లో లాభాన్ని తినేస్తాయి. వాటి ఖర్చు కలిపి, డిస్కౌంట్‌గా ఇచ్చింది తీసేసి చూస్తే ఆ పార్టీకి ఇచ్చే చిన్న లాట్లలో నాకు మిగిలింది దాదాపు ఏమీ లేదు. రాత్రి పదకొండున్నరకి ఆ కాగితం ముందు కూర్చున్న సంగతి నాకు ఇప్పటికీ గుర్తే.

అన్ని క్లాసులూ ఇలా ఉండవు. రెండు పూర్తిగా ఉత్సాహపరిచే ప్రసంగాలు, రాసుకోవడానికి ఒక్క లైను దొరకలేదు. ఆన్‌లైన్ ప్రకటనల మీద జరిగింది చిల్లర అమ్మకాలు చేసేవాళ్లకు పనికొస్తుందేమో, నాలాగా ఫ్యాక్టరీలకు సరఫరా చేసేవాళ్లకు కాదు. ఎవరు చెప్తున్నారో ముందుగా తెలియజేయమని మూడుసార్లు అడిగాం, ఇప్పటికీ ఒక్కరోజు ముందే మెసేజ్ వస్తుంది. నెలకు రెండు గంటలు కేటాయించడం మాలాంటివాళ్లకు చిన్న విషయం కాదు. ఇది నిర్వాహకులు సరిచేసుకోవాలి.

ఇక రౌండ్ టేబుల్. మా ఎనిమిది మందిలో లాండ్రీ నడిపే ఆవిడ ఉన్నారు, సైకిళ్లు రిపేరు చేసి అమ్మే ఆయన, కొవ్వొత్తుల తయారీ ఆవిడ, ట్యూషన్ సెంటర్ ఆయన, ఇంకా మరో ముగ్గురు. నెలకొకరు తమ సమస్యను బల్ల మీద పెట్టాలి. మొదటి పదిహేను నిమిషాలు మిగతావాళ్లు ప్రశ్నలే అడగాలి, సలహా ఇవ్వకూడదు. అక్కడ విన్నది బయట మాట్లాడకూడదు. చివర్లో ప్రతి ఒక్కరూ వచ్చే నెలలోగా చేసే ఒకే ఒక్క మార్పును రిజిస్టర్‌లో తమ చేతిరాతతో రాయాలి. తర్వాతి మీటింగ్ మొదలయ్యేది ఆ పేజీ పైకి చదవడంతోనే. ఈ సర్కిల్‌లో నేను డబ్బు కట్టేది ప్రధానంగా ఆ రిజిస్టర్ కోసమే అనుకుంటాను.

సలహా ఇవ్వకుండా పదిహేను నిమిషాలు ఆగడం ఎంత కష్టమో కూర్చుంటేగాని తెలియదు. ఎవరైనా కష్టం చెప్పగానే మన నోట్లోంచి "ఇలా చేయండి" అనే వస్తుంది. నాకు ఆ అలవాటు మానడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు మా ఆపరేటర్లతో మాట్లాడేటప్పుడు కూడా ముందు అడుగుతున్నాను, ఆ తర్వాతే చెప్తున్నాను.

నా వంతు నాలుగో నెలలో వచ్చింది. ఆ పెద్ద పార్టీ సంగతే పెట్టాను. డిస్కౌంట్ ఆపితే వెళ్లిపోతారేమోనని భయం, ఆపకపోతే మిగలదు. అందరూ రేటు గురించే అడుగుతున్నారు. లాండ్రీ ఆవిడ మాత్రం వేరే దారిలో వచ్చారు.

"అవునండీ, ఆయన మీకు ఎన్ని రోజులకు కడుతున్నారు?"

"తొంభై రోజులు పడుతోందండీ."

"మీరు కాగితం వాళ్లకు?"

"పదిహేను రోజులకు."

"మరి మధ్యలో డెబ్బై అయిదు రోజులు ఆ డబ్బు ఎవరిదండీ?"

నాకు వెంటనే మాట రాలేదు. ఆ డబ్బు నాదే, అందులో కొంత నేను వడ్డీకి తెచ్చింది. రేటులో ఇచ్చిన తగ్గింపు ఒకటైతే, ఈ వడ్డీ రెండో తగ్గింపు. అది ఏ కొటేషన్‌లోనూ రాయలేదు. ఆ రోజు రిజిస్టర్‌లో రాశాను: "ఆ పార్టీతో కూర్చుని గడువు తగ్గించమని అడుగుతాను."

అడగలేదు. ఆ నెల పని ఒత్తిడి అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాతి మీటింగ్‌లో నా వాక్యం పైకి చదివారు. "చేయలేదండీ" అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. సైకిళ్ల ఆయన రిజిస్టర్ నా వైపు జరిపి, "అదే వాక్యం మళ్లీ రాయండి, వచ్చే నెల చూద్దాం" అన్నారు. అదే వాక్యాన్ని రెండోసారి నా చేత్తో రాస్తుంటే పడ్డ ఇబ్బందే నన్ను పార్టీ దగ్గరికి నడిపించింది. వెళ్తే ఆయన అనుకున్నంత పట్టుబట్టలేదు. పెద్ద లాట్లకు డిస్కౌంట్ ఉంచాం, చిన్న లాట్లకు తీసేశాం, గడువు అరవై రోజులు అన్నాం. రెండుసార్లు అరవై దాటించారు, ఫోన్ చేశాను, కట్టారు. పార్టీ పోలేదు.

బాకీ రోజుల లెక్క తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: మీకు రావాల్సిన బాకీల మొత్తాన్ని ఏడాది అరువు అమ్మకాలతో భాగించి 365తో గుణించండి. సగటున ఎన్ని రోజులకు డబ్బు చేతికొస్తోందో తెలుస్తుంది. నాది అప్పుడు 88. పది నెలల తర్వాత 61. అమ్మకాలు పెద్దగా పెరగలేదు, అయినా నెలాఖరు జీతాల కోసం చేబదులు తెచ్చుకోవడం ఆగిపోయింది.

ఇలాంటి గుంపులు కొత్తవేం కావని మా చదువు భాగంలోనే తెలిసింది. 1727లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ జుంటో అనే సంఘం పెట్టాడు. అప్పుడాయన వయసు ఇరవయ్యొకటి, ప్రింటింగ్ పనివాడు. చేరినవాళ్లలో అద్దాలు బిగించేవాడు, చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి ఉన్నారు. శుక్రవారం సాయంత్రాలు కలిసేవాళ్లు. కలిసినప్పుడు ఒకరినొకరు అడగడానికి 24 ప్రశ్నల పట్టిక ఉండేది. ఈమధ్య ఎవరి వ్యాపారమైనా దెబ్బతిందా, కారణం ఏమని విన్నావు? ఎవరైనా బాగుపడుతున్నారా, ఏ దారిలో? మా బ్యాచ్‌లో ఈ రెండు ప్రశ్నలూ తీసుకుని మీటింగ్ మొదట్లో అడగడం మొదలుపెట్టాం. వ్యాపారం మూసేసినవాళ్ల గురించి మనం జాలిపడి ఊరుకుంటాం, ఎందుకు మూశారో అడగం. ఆ మొదటి ప్రశ్న వల్ల మాకు తెలిసిన మూడు మూసివేతల్లో రెండు బాకీలు రాకనే అని తేలింది.

ఆ కథలో ఇంకో ముక్క మాకు సరిగ్గా తగిలింది. జుంటో సభ్యులు ముందు తమ పుస్తకాలన్నీ ఒకచోట పెట్టి అందరూ వాడుకుందామనుకున్నారు. వాటి బాగోగులు చూసే దిక్కు లేక ఏడాదికల్లా ఎవరివి వాళ్లు తీసుకెళ్లిపోయారు. ఆ తర్వాతే, 1731లో, చందాలు వేసుకుని లైబ్రరీ కంపెనీ అనే గ్రంథాలయం పెట్టారు. మా సర్కిల్‌లోనూ ఒక పుస్తకాల అల్మారా ఉంది. నేను ఇచ్చిన నాలుగు పుస్తకాల్లో రెండు ఎక్కడున్నాయో తెలియదు. ఒక రిజిస్టరూ, దాన్ని చూసుకునే ఒక మనిషీ ఉంటే చాలు, ఇంతవరకూ పెట్టలేదు.

చదవడానికి ఇచ్చే కాగితాల నాణ్యత సమానంగా ఉండదు. కొన్ని నెలలు పెద్ద కంపెనీల కథలే. వాళ్ల మార్కెటింగ్ విభాగం ఏం చేసిందో, హెచ్‌ఆర్ విభాగం ఏం చేసిందో చదివి తొమ్మిది మంది ఉన్న యూనిట్‌లో నేనేం చేయను? కానీ ఎనిమిదో నెల అంశం మాత్రం ఈ 14 నెలల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: ఎవరి వృత్తి చరిత్ర వాళ్లు చదివి వచ్చి చెప్పాలి.

నా పెట్టెల చరిత్ర నేను చదివాను. అలల కాగితానికి మొదటి పేటెంట్ 1856లో ఇంగ్లండ్‌లో తీసుకున్నారు. పెట్టెల కోసం కాదు, పొడవాటి టోపీల లోపల పెట్టడానికి. 1871లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన సీసాలు, లాంతరు చిమ్నీలు పగలకుండా చుట్టడానికి దాన్ని వాడాడు. 1874లో ఆలివర్ లాంగ్ ఆ అలలకు చదునైన కాగితం అతికించాడు. ఇక నేను రెండుసార్లు చదివింది రాబర్ట్ గేర్ సంగతి. 1879లో బ్రూక్లిన్‌లో ఆయన ప్రెస్సులో కాగితం సంచులు తయారవుతున్నాయి. మడత గీత వేయాల్సిన లోహపు పట్టీ ఒకటి జరిగి, మడత వేసే బదులు కోసేసింది. పాడైన సంచులు చూసి, కోతా మడతా ఒకే దెబ్బలో వేయొచ్చు కదా అని ఆయనకు తట్టింది. ముందే కోసి మడతలు వేసిన, చదునుగా పంపగలిగే పెట్టె అలా వచ్చింది.

నేను రోజూ చేయించే పని అదే. మా డైలో కోసే బ్లేడు ఎత్తు 23.8 మిల్లీమీటర్లు, పక్కనే క్రీజు (మడత గీత) వేసే పట్టీ దానికన్నా కాస్త తక్కువ. ఆ కొంచెం తేడాలోనే పెట్టె ఉంది. పదకొండేళ్లు చేతిలో ఉన్న వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. మర్నాడు పొద్దున మా డై కట్టే ఆయనకు ఈ కథ చెప్పాను. ఆయన పట్టీని వేలితో తడిమి, "అయితే తప్పులోంచి వచ్చిందన్నమాట మన పని" అని చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

చదివింది గుర్తుంచుకునే పద్ధతి కూడా ఇక్కడే దొరికింది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం గురించి చదివాం. ఒక పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. పుస్తకం మూసి గుర్తుచేసుకుంటూ రాసినవాళ్లు వారం తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. అప్పటి నుంచి పొద్దున మెషిన్లు ఆన్ చేసే ముందు ఇరవై నిమిషాలు చదువుతాను, మూసి, గుర్తున్నది నోట్‌బుక్‌లో రాస్తాను. శనివారం మళ్లీ చూడకుండా రాస్తాను. నలభై పేజీల్లో నాకు మిగిలేది అయిదారు లైన్లే, కానీ అవి పోవడం లేదు.

ఇక పరిచయాలు పెంచుకునే పెద్ద మీటింగ్. నూట ఇరవై మంది, తలా ఒక నిమిషం పరిచయం, తర్వాత కార్డుల పంపకం. మొదటి మీటింగ్ నుంచి 43 కార్డులతో వచ్చాను. పదకొండు మందికి ఫోన్ చేశాను. ఒక్క ఆర్డరూ రాలేదు. నిమిషంలో ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోతే నూట ఇరవై మందిలో ఎవరి అవసరం ఎవరికి గుర్తుంటుంది?

ఇంతకన్నా బాధపెట్టిన సంగతి ఒకటుంది. నిర్వాహకులు కొన్నాళ్లు ప్రతి సభ్యుడూ నెలకు ఇన్ని రెఫరల్స్ ఇవ్వాలని లెక్క పెట్టారు. దాంతో జనం అంకె కోసం పేర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. నాకొచ్చిన రెండు పేర్లకు ఫోన్ చేస్తే వాళ్లకు పెట్టెల అవసరమే లేదు, ఎవరో నంబరు ఇచ్చారని కూడా తెలియదు. అవతలి మనిషిని ఇబ్బంది పెట్టినందుకు నేను క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మేం గట్టిగా చెప్పాక ఆ లెక్క ఆపేశారు. మీరు చూసే సర్కిల్‌లో ఇలాంటి కోటా ఉంటే ఆలోచించుకోండి.

అయితే పరిచయాలు పనికిరావని నేననడం లేదు. నాకు ఈ ఏడాది వచ్చిన మంచి కొత్త పార్టీ కొవ్వొత్తుల ఆవిడ ద్వారానే వచ్చింది. ఆవిడకు ఎప్పుడో రెండుసార్లు కలిసిన, గాజు దీపాలు అమ్మే ఒకాయన ఉన్నారు. సరుకు దారిలో పగిలిపోతోందని ఆయన వాపోతే, లోపల అరలున్న పెట్టె గురించి నేను రౌండ్ టేబుల్‌లో చెప్పింది ఆవిడకు గుర్తొచ్చింది. 1871లో ఈ కాగితం మొదట చుట్టిన లాంతరు చిమ్నీల లాంటి సరుకే మళ్లీ నా దగ్గరికి వచ్చిందని నాకు ఆ రోజు చాలా సంతోషం వేసింది. నమూనా పెట్టె నేనే చేత్తో కోసి, అరలు అమర్చి పట్టుకెళ్లాను.

ఇది ఎందుకు ఇలా జరుగుతుందో మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాశారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన అడిగితే, ఆ మాట చెప్పిన మనిషిని తరచుగా కలిసేవాళ్లమన్నది 16.7 శాతమే. అప్పుడప్పుడూ అన్నది 55.6 శాతం, అరుదుగా అన్నది 27.8 శాతం. రోజూ కలిసేవాళ్లకు తెలిసింది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది. అప్పుడప్పుడూ కలిసే మనిషి వేరే లోకం కబురు తెస్తాడు. అందుకే ఒకే లైను వాళ్లు ఇద్దరు ఉండకూడదన్న మా రౌండ్ టేబుల్ నియమం నాకు ఇంత విలువైనదిగా కనిపిస్తుంది. ఇప్పుడు పెద్ద మీటింగ్‌కి వెళ్లినా ముగ్గురితోనే మాట్లాడుతాను, వాళ్ల పనిలో ఏది పాడవుతోందో అడుగుతాను, ఇంటికొచ్చాక రెండు లైన్లు రాసి పంపుతాను.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. మీ లెక్కలు మూడు నెలలుగా రాయకుండా ఉంటే ముందు అవి రాయించండి, లేకపోతే రౌండ్ టేబుల్‌లో అడిగే ప్రశ్నలకు మీ దగ్గర జవాబు ఉండదు. క్లాసు, రౌండ్ టేబుల్, చదువు కలిపి నెలకు పది గంటలు పోతాయి, అంత తీయలేనివాళ్లు ఆగడం మంచిది. చేరేముందు ఒక రౌండ్ టేబుల్‌లో అతిథిగా కూర్చోనివ్వమని అడగండి. పోయిన నెల రాసుకున్నవి ఈ నెల అడుగుతున్నారా లేదా అనేది అరగంటలో తెలిసిపోతుంది. అడగకపోతే అది కబుర్ల గుంపే, ఫీజు దండగ. ఫీజు నా విషయంలో ఒక మధ్యరకం ఆర్డర్ మీద మిగిలేదానికన్నా తక్కువ, కాబట్టి దాని గురించి ఫిర్యాదు లేదు. మధ్యలో మానేస్తే మిగిలిన నెలల డబ్బు తిరిగివ్వరన్న షరతు మాత్రం అన్యాయం. ట్యూషన్ సెంటర్ ఆయన అనారోగ్యంతో నాలుగు నెలలు రాలేకపోతే కనీసం ఆ నెలలు ముందుకు జరపనూ లేదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ పెద్ద మీటింగ్‌కీ, ఈ షరతుకీ.

రెన్యువల్ చేశాను. ఈ నెల రిజిస్టర్‌లో నేను రాసింది: "డై సెట్టింగ్‌లో పాడైన షీట్లు రోజూ లెక్కపెట్టి బోర్డు మీద రాయిస్తాను." మొదటిరోజు డై కట్టే ఆయన కాస్త నొచ్చుకున్నాడు. "నా తప్పులు గోడెక్కిస్తారా అమ్మా?" అని అడిగాడు. పేరు రాయనని, అంకె ఒక్కటే రాస్తానని చెప్పాక సుద్దముక్క తనే తీసుకున్నాడు. నాలుగు రోజుల లెక్క ఇప్పుడు బోర్డు మీద ఉంది: 31, 27, 34, 19. ఆ పంతొమ్మిది వచ్చిన రోజు షీట్లు కాస్త తేమగా ఉన్నాయని ఆయన అంటున్నాడు. రేపు ఎండిన కట్టా ఒకటి, ఆ తేమ కట్టా ఒకటి పక్కపక్కన పెట్టి వేయించి చూస్తాం.